మందు డబ్బా దాకా వెళ్ళకముందే: పొలంలో కలుపును అదుపు చేసే పద్ధతి ఎలా ఎంచుకోవాలి

చేలో కలుపు కనిపించగానే చాలామంది మొదట అడిగే మాట ‘ఏం కొట్టాలి?’ అని. దానికంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి. అది ఏ కలుపు? మొలిచి ఎన్ని రోజులైంది? పైరు వయసెంత? రెండాకుల మీదున్నప్పుడు ఒక్కసారి గుంటక (పై మట్టిని గీరి కలుపును కోసే పనిముట్టు) తోలితే పోయే కలుపు, మోకాలెత్తు వచ్చాక కూలీలతో పీకించినా పూర్తిగా పోదు, మందు కొట్టినా సరిగా చావదు. ఘాటైన మందు వాడాల్సిన పరిస్థితి చాలాసార్లు ఆలస్యం వల్లే వస్తుంది. అందుకే కింద చెప్పిన పనుల్లో సగానికి పైగా విత్తనం వేయకముందు, లేదా విత్తిన నెల లోపల చేయాల్సినవే.

మొదటి అడుగు: ఏ కలుపో తేల్చుకోండి

నాలుగు కర్రలు కట్టి మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేసుకోండి. చేను గట్టు వెంట కాకుండా, వంకరటింకరగా లోపలికి నడుస్తూ ఎనిమిది, పది చోట్ల దాన్ని నేల మీద పెట్టి లోపల ఏ కలుపు ఎన్ని మొక్కలుందో రాసుకోండి. గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా కలుపులాగే కనిపిస్తుంది. లెక్క వేస్తే చాలాసార్లు తేలేదేమిటంటే, అసలు బెడద ఒకటి రెండు రకాలదే, అదీ పల్లంగా ఉన్న మూలల్లోనూ కాలువ పక్కనా.

కలుపును మూడు జాతులుగా విడదీయండి: గడ్డి జాతి, తుంగ జాతి, వెడల్పాకు జాతి. గడ్డికీ తుంగకీ తేడా కంటికి దొరక్కపోతే కాడను వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. తుంగ కాడకు మూడు అంచులుంటాయి, వేలికి తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగానో కాస్త చదునుగానో ఉంటుంది. వరిలో ఊదను (వరిలాగే కనిపించే గడ్డి కలుపును) పోల్చుకోవడం ఇంకా కష్టం, లేతగా ఉన్నప్పుడు రెండూ కవలల్లా ఉంటాయి. ఆకును కాడ నుంచి మెల్లగా వెనక్కి వంచి ఆ కీలు దగ్గర చూడండి. వరికి అక్కడ తెల్లటి పల్చని పొర నిలబడి ఉంటుంది, దాని పక్కన నూగు ఉన్న రెండు చిన్న చెవులుంటాయి. ఊదకు ఆ చోట ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. కలుపు తీసేవాళ్ళకు ఈ ఒక్క గుర్తు చూపిస్తే వరి మొక్కలు పీకడం తగ్గుతుంది.

తర్వాత మొక్కను పీకకుండా, తవ్వి తీసి వేరు చూడండి. వేర్లు మాత్రమే ఉంటే అది విత్తనంతో వచ్చే ఏకవార్షికం (ఒక్క ఏడాదిలో బతుకు ముగించేది), తేలికగా లొంగుతుంది. గడ్డలో, నేలలో పాకే కాండాలో కనిపిస్తే అది బహువార్షికం (ఏళ్ళ తరబడి బతికేది). దానికి వేరే లెక్క.

తుంగ సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. నేలలో దాని గడ్డలు ఒకదానికొకటి దారంతో గుచ్చినట్టు వరసగా ఉంటాయి. వరసలో చివరి గడ్డ మొలుస్తుంది, మిగతావి దాని అదుపులో నిద్రపోతుంటాయి. మొక్కను పైకి లాగితే ఆ దారం తెగి గడ్డలు నేలలోనే ఉండిపోతాయి. పైగా నిద్రలో ఉన్నవి ఇప్పుడు విడివిడిగా మేల్కొంటాయి. ‘పీకిన కొద్దీ పెరుగుతోంది’ అని రైతులు అనేది ఊరికే కాదు. గరికదీ ఇదే తీరు. రోటావేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని చితక్కొట్టే యంత్రం) దాన్ని ముక్కలు చేస్తే ప్రతి కణుపూ ఒక మొక్కవుతుంది. గరిక ఉన్న చేలో తడి మీద రోటావేటర్ తిప్పడమంటే గరిక నాటడమే.

రెండో అడుగు: ఏ రోజుల్లో ఊరుకోకూడదో తెలుసుకోండి

పైరు కాలమంతా చేను అద్దంలా ఉండాల్సిన పని లేదు. పైరు మొత్తం కాలంలో మొదటి మూడో వంతు కీలకం. నాటిన వరికి సుమారు 20 నుంచి 40 రోజులు, మొక్కజొన్నకు 15 నుంచి 45, వేరుశనగకు మొదటి 45, పత్తికి మొదటి 60 రోజులు. వెద వరికి (నారు పోసి నాటకుండా నేరుగా విత్తిన వరికి) ఇంకా ముందే, 15వ రోజుకే గట్టి పోటీ మొదలవుతుంది. ఉల్లి ఆకులు నీడనివ్వవు కాబట్టి దానికి రెండు నెలలు దాటినా కాపలా తప్పదు.

ఈ రోజులు దాటాక వచ్చే కలుపు దిగుబడిని పెద్దగా తగ్గించదు, కాని విత్తనం రాల్చి వచ్చే పంటకు అప్పు మిగులుస్తుంది. కాబట్టి ఆ దశలో మందు కొట్టకండి. పూత రాకముందు కొడవలితో తల కోసినా సరిపోతుంది.

మూడో అడుగు: విత్తకముందే మొలిపించి చంపండి

అన్ని పద్ధతుల్లో ఖర్చు తక్కువ, ప్రమాదం దాదాపు లేనిది ఇదే. ఎందుకో దీన్ని చాలామంది వదిలేస్తారు.

దుక్కి పూర్తి చేసి, విత్తడానికి సిద్ధంగా చదును చేయండి. వాన పడకపోతే ఒక తేలిక తడి ఇవ్వండి. తర్వాత 10 నుంచి 14 రోజులు ఆగండి. పై మట్టిలో ఉన్న కలుపు విత్తనం మొలుస్తుంది. అది రెండాకులు దాటకముందు, ఎండగా ఉన్న పూట గుంటకతో 2, 3 సెంటీమీటర్లకు మించకుండా పైపైన గీరి వదిలేయండి. వీలైతే ఇదే పని ఇంకోసారి చేయండి. ఆ తర్వాత నేలను కదిలించకుండా విత్తండి.

ఇక్కడ అందరూ చేసే తప్పులు రెండు. మొదటిది, చివరిసారి లోతుగా దున్నడం. చిన్న గింజ కలుపు ఎక్కువగా పై 2 నుంచి 5 సెంటీమీటర్ల మట్టి నుంచే మొలవగలదు. లోతు దుక్కి పెడితే అడుగున ఉన్న విత్తనం పైకొచ్చి, రెండు వారాల శ్రమ వృథా అవుతుంది. రెండోది, తొందర. అదును దాటిపోతుందనిపిస్తే చేనంతా కాకుండా కలుపు ఎక్కువున్న ముక్కలోనైనా చేయండి.

తుంగ, గరిక ఉన్న చోట ఇది చాలదు. వాటికి వేసవి దుక్కి కావాలి. నేల పొడిగా ఉండగా 20, 25 సెంటీమీటర్ల లోతున నాగలితో తిరగేసి, పెళ్ళలను చితక్కొట్టకుండా రెండు మూడు వారాలు ఎండలో వదలండి. గడ్డలు చచ్చేది నాగలి దెబ్బకు కాదు, ఎండిపోవడం వల్ల. మధ్యలో వాన పడితే అవి మళ్ళీ కోలుకుంటాయి, అప్పుడు ఇంకోసారి తిరగేయాల్సిందే. గరిక కాండాలను గొర్రుతో పైకి లాగి, పోగుచేసి, బయట ఎండబెట్టండి.

నారుమడి, కూరగాయల మళ్ళ వంటి చిన్న విస్తీర్ణానికి ఎండతో నేలను ఉడికించే పద్ధతి బాగా పనిచేస్తుంది. మడిని చదును చేసి, బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల మందం ఉన్న తెల్లటి పారదర్శక పాలిథిన్ పరిచి, నాలుగంచులూ మట్టిలో పూడ్చండి. మండు వేసవిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. నల్ల కవరు వేయకండి, అది వేడిని తన దగ్గరే ఉంచుకుంటుంది. పారదర్శకమైన కవరు ఎండను లోపలికి దింపుతుంది. నేల పొడిగా ఉంటే వేడి లోపలికి దిగదు, విత్తనమూ చావదు. కవరుకు చిల్లు పడితే ఆ రోజే టేపు అంటించండి. తుంగ గడ్డలు లోతుగా ఉన్నవి దీనికీ కొన్ని తప్పించుకుంటాయి.

నాలుగో అడుగు: కొత్త విత్తనాన్ని రానివ్వకండి

మాగని పశువుల ఎరువు అంటే కలుపు విత్తనాల మూట. పశువు తిన్న గింజల్లో కొన్ని పేడలో బతికే బయటకు వస్తాయి. అవి చావాలంటే పోగు లోపల 55 డిగ్రీల వేడి కనీసం మూడు రోజులు నిలవాలి. పోగును తిరగేస్తూ బయటి భాగం లోపలికి వెళ్ళేలా చూడాలి. ఒక ఇనుప చువ్వను పోగు మధ్యలో గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకోండి. చెయ్యి పట్టుకోలేనంత వేడిగా ఉంటే పోగు పనిచేస్తున్నట్టు. గోరువెచ్చగా ఉంటే ఇంకా చేలోకి తోలకండి.

మిగతా దారులు తెలిసినవే. కలుపు గింజ లేని విత్తనం, కాలువ నీరు చేలోకి దిగే చోట ఒక జల్లెడ, పక్క చేలో పనిచేసి వచ్చిన కోత యంత్రాన్ని గట్టు మీదే దులపడం. గట్ల మీద కలుపును పూత ముందు కోయండి, కాని మందుతో గట్టును బోడి చేయకండి. ఖాళీ నేలను మొదట ఆక్రమించేది మళ్ళీ మొండి కలుపే, పైగా గట్టు కోసుకుపోతుంది.

ఐదో అడుగు: నేలను కప్పండి

వెలుతురు తగలని చోట కలుపు మొలక నిలవదు. వరిగడ్డి, చెరకు ఆకు, ఎండు కసవు ఏదైనా 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే అణిగాక 5 సెంటీమీటర్లు మిగులుతుంది. అంతకంటే పల్చగా వేస్తే కలుపుకు తేమ ఇచ్చి పెంచినట్టే. మొక్క మొదలు చుట్టూ 5 సెంటీమీటర్లు ఖాళీ వదలండి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. పూర్తిగా నూర్చని గడ్డి వాడకండి, దానిలోని గింజలే మొలుస్తాయి. గడ్డిని మట్టిలో కలిపితే కుళ్ళేటప్పుడు కొంతకాలం నత్రజనిని పట్టి ఉంచుకుని పైరు పసుపు పడుతుంది. పైన పరిచి వదిలేస్తే ఆ ఇబ్బంది చాలా తక్కువ. చెదలు, ఎలుకలు ఉన్న చేలో కప్పు కింద వారానికోసారి చూడాలి.

కూరగాయలకు పాలిథిన్ షీటు వేసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. తుంగ మొలక సూదిలా ఉంటుంది, షీటును చీల్చుకుని పైకొస్తుంది. తుంగ ఎక్కువగా ఉన్న మడిలో షీటు మీద డబ్బు పెట్టకండి. వేసిన షీటును పంట అయ్యాక ముక్కలు మిగలకుండా చుట్టి తీయాలి. దున్నేస్తే ఆ ముక్కలు ఏళ్ళ తరబడి నేలలోనే ఉంటాయి.

పైరు కూడా కప్పే. సాళ్ళ మధ్య దూరాన్ని అనవసరంగా పెంచకండి, ఖాళీలు పడితే వారం లోపల నాటండి, ఎరువును చేనంతా చల్లకుండా మొక్క మొదళ్ళ దగ్గర వేయండి. చల్లిన యూరియాలో కలుపు తన వాటా ముందే తీసుకుంటుంది. మొక్కజొన్న సాళ్ళ మధ్య పెసర, అలసంద వంటివి వేస్తే ఖాళీ నేల త్వరగా మూసుకుంటుంది. వరిలో నీరే కప్పు. 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే ఊద మొలక చాలా వరకు ఆగుతుంది, అయితే మడి చదునుగా ఉంటేనే. ఎత్తుగా మిగిలిన దిబ్బల మీద మొదట కలుపు కనిపిస్తుంది. దమ్ము దశలో (నాటే ముందు మడిని బురదగా దున్నేటప్పుడు) చేసిన చదునుకు ఆ దిబ్బలే పరీక్ష.

ఆరో అడుగు: పనిముట్టుతో, సరైన రోజున

కలుపు మొలకకు అత్యంత బలహీనమైన దశ అది నేల పైకి రాకముందే ఉంటుంది. విత్తిన వారానికి సాళ్ళ మధ్య వేలితో పై మట్టిని మెల్లగా జరిపి చూడండి. తెల్లని దారాల్లా సన్నని మొలకలు కనిపిస్తే అదే అదును. ఆ పూట దంతె (సాళ్ళ మధ్య మట్టిని గీరే పనిముట్టు) తోలితే తాకిన ప్రతి దారమూ తెగుతుంది. ఎండ అరగంటలో మిగతా పని పూర్తి చేస్తుంది. పచ్చగా కనిపించే దాకా ఆగితే శ్రమ రెట్టింపవుతుంది.

పొద్దున పని చేయండి, ఆ రోజంతా ఎండ కాయాలి. సాయంత్రం తీసిన కలుపు రాత్రి మంచుకు మళ్ళీ వేరు పట్టుకుంటుంది. నేల పదునుగా ఉండాలి. బురదలో దంతె తోలితే పెళ్ళతో సహా కలుపు పక్కకు జరిగి అక్కడే బతుకుతుంది. లోతు 2, 3 సెంటీమీటర్లు చాలు. ఎక్కువైతే పైరు వేర్లు తెగుతాయి. పైరు మోకాలెత్తు వచ్చాక దాని వేర్లు సాళ్ళ మధ్యకు పాకి ఉంటాయి, అప్పుడు ఇంకా పైపైనే తోలాలి. దోకుడుపార, దంతె అంచు పదునుగా ఉందో లేదో రోజూ చూడండి. మొద్దు అంచు కలుపును కోయదు, వంచుతుంది.

వరుసల్లో నాటిన వరిలో కోనో వీడర్ (చేత్తో తోస్తే కలుపును బురదలో ముంచే చక్రాల పనిముట్టు) మంచి సాధనం. వరుసల మధ్య 25 సెంటీమీటర్లు ఉండాలి, నాటిన 10, 12 రోజులకు మొదలుపెట్టి 10 రోజులకోసారి, 40 రోజుల వరకు తోలాలి. మడిలో 2, 3 సెంటీమీటర్ల నీరు ఉంచండి. ముందుకు తోసి, కాస్త వెనక్కి లాగి, మళ్ళీ తోయాలి. తిన్నగా తోసుకుంటూ పోతే కలుపు అణుగుతుంది, మునగదు. మొదటిసారి ఆలస్యమైతే కలుపు వేర్లు చక్రాలకు చుట్టుకుని పని ఆగిపోతుంది. కుదురు దగ్గర మిగిలిన వాటిని మాత్రం చేతితోనే తీయాలి.

పవర్ వీడర్ వాడితే బ్లేడ్ల మీది కవచం తీసేయకండి. చుట్టుకున్న గడ్డిని ఇంజన్ ఆపి, బ్లేడ్లు పూర్తిగా నిలిచాకే కర్రతో తీయండి. చేతులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

తుంగను కోయడం తప్పదనుకుంటే రెండు వారాలకోసారి, పట్టు వదలకుండా కోయాలి. మొలక పైకొచ్చిన మూడు, నాలుగు వారాల్లో కొత్త గడ్డలు పడటం మొదలవుతుంది. ఆ లోపే పచ్చదనం తీసేస్తూ పోతే పాత గడ్డల నిల్వ కరుగుతుంది. ఒకసారి తీసి నెల ఊరుకుంటే మళ్ళీ మొదటికే. తుంగకు నీడ గిట్టదు, ఒత్తుగా పెరిగే జనుము, అలసంద వంటి పైరు దాని బలం తగ్గిస్తుంది.

వయ్యారిభామను (పార్థీనియం కలుపును) పూతకు ముందే, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని పీకండి. దాని పుప్పొడి, ఆకుల స్పర్శ చాలామందికి ఒంటి మీద దద్దుర్లు, ఉబ్బసం తెస్తాయి. పూసిన మొక్కను పోగేసి గట్టున వదిలితే అక్కడే గింజ పండుతుంది.

ఉప్పు, వెనిగర్, సబ్బు కలిపిన ‘సహజ కలుపు మందు’ చాలా చోట్ల ప్రచారంలో ఉంది. ఉప్పు నేలను చెడగొడుతుంది, పైగా త్వరగా పోదు. వంటింటి వెనిగర్ లేత మొలకల ఆకులను మాడుస్తుందే కాని వేరు జోలికి పోదు. గాఢమైన వెనిగర్ కళ్ళను కాలుస్తుంది. సహజమన్నది సురక్షితమన్న దానికి హామీ ఏమీ కాదు.

ఏడో అడుగు: అయినా మందు తప్పకపోతే

ముందు కలుపు ఎంత మేర ఉందో చట్రం లెక్క తీసి చూడండి. నాలుగు మూలల్లో ఉంటే ఆ మూలలకే కొట్టండి. ఎంచుకునేటప్పుడు లేబుల్ మీద మీ పైరు పేరు, మీ కలుపు పేరు రెండూ ఉండాలి. ఒకే పని చేసే రెండు మందుల్లో విష తీవ్రత తక్కువ ఉన్నది తీసుకోండి. పారాక్వాట్‌ను దగ్గరికే రానివ్వకండి. అది ఒక గుక్క కడుపులోకి వెళ్ళినా ప్రాణం తీయగలదు, విరుగుడు లేదు. గ్లైఫోసేట్ పైరునూ కలుపునూ తేడా చూడదు. క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ 2015లో దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే జాబితాలో చేర్చింది, కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు ఒప్పుకోలేదు. ఆ వాదన ఎలా ఉన్నా, ఒంటికి తగలకుండా వాడడంలో నష్టం లేదు. దాన్ని బురద నీటిలో కలపకండి, మట్టి రేణువులు పట్టుకుని పనిచేయనివ్వవు. 2,4-డి ఆవిరి పత్తి, టమాట, ద్రాక్షలను వంకరలు తిప్పేస్తుంది. పక్క చేలో అవి ఉంటే ఆ మందు మానుకోవాలి. అట్రాజిన్ నేలలో నెలల తరబడి నిలిచి తర్వాత వేసే పప్పుధాన్యాలను, కూరగాయలను దెబ్బతీయవచ్చు. వచ్చే పంట ఏమిటో ఆలోచించే కొనండి.

మోతాదు లెక్క ఇలా చేయండి. 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు ముక్క కొలవండి. ట్యాంకులో ఒట్టి నీళ్ళు నింపి, రోజూ నడిచే వేగంతో ఆ ముక్కకు కొట్టండి. ఎన్ని లీటర్లు ఖర్చయిందో కొలవండి. 4 లీటర్లు పట్టిందనుకుంటే ఎకరానికి సుమారు 160 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పది. ఎకరానికి లీటరు మందు అని లేబుల్ చెబితే ట్యాంకుకు 100 మిల్లీలీటర్లు. మూతతో కాదు, గీతలున్న కొలత పాత్రతోనే. ఇంకా గట్టిగా ఉండాలని ఎక్కువ కలిపితే ఆకు తొందరగా మాడుతుంది, మందు వేరుకు చేరదు.

కలుపు మందుకు ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ (విసనకర్రలా చదునుగా చిమ్మేది) వాడండి, పురుగు మందు కొట్టే బోలు కోన్ నాజిల్ (గుండ్రంగా వలయంలా చిమ్మేది) వద్దు. కలుపుకు 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఒకే వేగంతో నడవండి. గాలి గంటకు 10 కిలోమీటర్లు దాటితే ఆపేయండి. అసలు గాలే కదలని తెల్లవారుజామూ మంచిది కాదు. చిన్న పుల్లను రాజేసి చూడండి, పొగ పైకి పోకుండా అడ్డంగా పరుచుకుంటే మందు తుంపర కూడా అలాగే పక్క చేను దాకా పోతుంది. ఆకుల మీద కొట్టే చాలా మందులకు తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు వాన పడకూడదు.

ఒంటికి ఎక్కువగా తగిలేది కలిపేటప్పుడే, ఆ డబ్బాలో ఉన్నది నీళ్ళు కలపని మందు కాబట్టి. నైట్రైల్ తొడుగులు, కంటి అద్దాలు, రబ్బరు బూట్లు వేసుకోండి. ప్యాంటు బూట్ల పైన ఉండాలి, లోపల కాదు. గుడ్డ తొడుగులు మందును పీల్చి చర్మానికి అంటిపెట్టి ఉంచుతాయి, వాటిని వాడకండి. మూతికి కట్టిన తుండు ఆవిరిని ఆపదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, పాత టూత్‌బ్రష్ ఒకటి జేబులో పెట్టుకోండి. కర్రతో కలపండి. డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీటిని ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టండి. ట్యాంకు కడిగిన నీటిని కాలువలోకి కాక, కొట్టిన చేలోనే చల్లండి. కలుపు మందుకు వేరే స్ప్రేయర్ పెట్టుకోవడం మంచిది. ట్యూబులో మిగిలిన 2,4-డి కొంచెమైనా, మరుసటి వారం పురుగు మందు కొట్టిన పత్తిని చెడగొట్టగలదు. పని బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా ఉతకండి.

రెండు వారాల తర్వాత చట్రం తీసుకుని మళ్ళీ చేలో తిరగండి. చచ్చిన మొక్కల పక్కనే అదే జాతి మొక్క పచ్చగా నిలబడి ఉంటే, మోతాదు, నీరు, వాన అన్నీ సరిగ్గానే ఉన్నాయని తేలితే, ఆ మొక్క మందుకు తట్టుకునే రకం కావచ్చు. దాని మీద మందు పెంచకండి. గింజ కట్టకముందే పీకి, సంచిలో వేసి, చేలోంచి బయటికి తీసుకుపోండి. వచ్చే పంటకు అదే గ్రూపు (అదే తీరున పనిచేసే) మందు మళ్ళీ వాడకండి.